రెండో ఒడ్డు దారి: ఒడిశా సరిహద్దు లోయల్లో లారీల్లేని సైకిలు ప్రయాణం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం. ఒడిశా దక్షిణ కొసన ఉన్న ఈ ఊళ్ళ బజార్లలో తెలుగు వినపడని రోజు ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. హద్దు తర్వాత వచ్చింది; చుట్టరికాలు, సంతలు, బళ్ళ దారులు అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఉన్నాయి. ఈమధ్య శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి గేర్ సైకిళ్ళ మీద ఈ కొండల్లోకి వచ్చేవాళ్ళు కనిపిస్తున్నారు. ఇక్కడి కుర్రాళ్ళు కూడా సెలవు రోజుల్లో సైకిలు తీస్తున్నారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: లారీల టెన్షన్ లేకుండా రోజంతా తొక్కుకుంటూ పోయే దారి ఎక్కడుంది?

ఉంది. ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. అయితే అవన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక ముక్క చివర గెడ్డ (కొండవాగు) అడ్డం వస్తుంది, ఇంకో ముక్క చివర రాష్ట్రాల హద్దు అడ్డం వస్తుంది. సైకిళ్ళ కోసం ప్రత్యేకంగా కొత్త ట్రాక్‌లు వెయ్యాలని అడిగేవాళ్ళున్నారు. ఈ ప్రాంతానికి ఆ అవసరం లేదు. ఉన్న చిన్న రోడ్లను ఒకదానితో ఒకటి కలిపితే చాలు, లోయల వెంట రోజుల తరబడి ప్రశాంతంగా తొక్కవచ్చు. ఎలాగో తెలియాలంటే ముందు ఈ కొండల తీరు, ఆ తర్వాత ఈ రోడ్ల తీరు చూడాలి.

నది చూపించే వాలు

తూర్పు కనుమలు ఇక్కడ ఒకే గోడలా నిలబడి లేవు. ఈశాన్యం నుంచి నైరుతికి వరసలు వరసలుగా సాగుతాయి. ఆ వరసల మధ్య లోయల్లోంచి నదులు దక్షిణానికి దిగుతాయి. వంశధార, నాగావళి రెండూ కలహండి వైపు కొండల్లో మొదలై, రాయగడ జిల్లాను దాటి, శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. ఒక్కొక్కటీ సుమారు 250 కిలోమీటర్ల నది. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీంచి దిగే మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కనుంచి పోయి వంశధారలో కలుస్తుంది. పడమటి వైపు కొరాపుట్ పీఠభూమి తీరు వేరు. అక్కడి కొలాబ్, మాచ్‌ఖండ్ నీళ్ళు సీలేరు, శబరి మీదుగా గోదావరికి పోతాయి.

ఊళ్ళ ఎత్తులు చూస్తే సైకిలు తొక్కేవాళ్ళకు సగం విషయం అర్థమైపోతుంది. సముద్రమట్టానికి గుణుపురం సుమారు 83 మీటర్లు, పర్లాకిమిడి 145, రాయగడ 207. మల్కన్‌గిరి 170. జయపురం మాత్రం 659, కొరాపుట్ 870. అంటే వంశధార లోయలో ఉన్నంతసేపూ, నాగావళి లోయలో ఉన్నంతసేపూ చుట్టూ కొండలు ఎంత ఎత్తున కనిపించినా చక్రం కింద నేల దాదాపు చదునుగానే ఉంటుంది. ఒక లోయలోంచి ఇంకో లోయలోకి మారేటప్పుడో, పీఠభూమి మీదికి ఎక్కేటప్పుడో మాత్రమే ఒళ్ళు అలిసే పని. ఘాటీ ఎక్కడుందో ముందే తెలుసుకొని, దాన్ని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు దాటేసి, మిగతా రోజంతా నది వెంట పోవడమే ఇక్కడ తెలివైన ప్రయాణం.

వాలు ఎంత ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 85 కిలోలు అనుకుందాం. అలవాటున్న మామూలు మనిషి ఆయాసం లేకుండా గంటల తరబడి పెట్టగలిగే శక్తి సుమారు 100 వాట్లు. ఆ శక్తితో చదును నేల మీద గంటకు 20 కిలోమీటర్ల దాకా పోవచ్చు. నూరు మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరిగితే వేగం 15కు తగ్గుతుంది. నూటికి అయిదు మీటర్లు పెరిగితే ఏడుకు. నూటికి పది పెరిగితే నాలుగుకు. నాలుగంటే నడక వేగం. ఆ వేగంలో హేండిల్ అటూ ఇటూ ఊగుతుంది, బ్యాలెన్స్ నిలవదు, దిగి నెట్టుకుంటూ పోవడమే నయం.

ఊళ్ళల్లో అందరి దగ్గరా ఉండే పెద్ద సైకిలుకు ఈ లెక్క ఇంకా కష్టంగా ఉంటుంది. పెడల్ దగ్గర పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉంటే పెడల్ ఒక్క చుట్టుకు బండి అయిదు మీటర్లకు పైగా పోతుంది. ఘాటీలో గంటకు ఏడు కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి ఇరవై రెండు చుట్లే. ప్రతి తొక్కుకూ ఒంటి బరువంతా మోకాళ్ళ మీద పడుతుంది. సంతకు బస్తా కట్టుకొని పోయే రైతు ఎత్తు మొదలయ్యే చోటే దిగి నెట్టడం అందుకే; ఒంట్లో బలం లేక కాదు. ముందూ వెనకా పళ్ళు సమానంగా పడే గేరు ఉన్న సైకిలైతే చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకే పోతుంది, అదే వేగంలో నిమిషానికి యాభై చుట్లు తిరుగుతాయి, మోకాలికి హాయి. ఈ కొండల్లో తిరగాలనుకునేవాళ్ళు సైకిలు కొనేటప్పుడు రంగు, బ్రాండు కంటే ముందు చూడాల్సింది ఈ చిన్న గేరే.

లారీ ఏ దారిన పోతుంది

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఘాట్ రోడ్లలో వాలు తక్కువగా ఉండేవి జాతీయ రహదారులు. కొండ ప్రాంతాల్లో పెద్ద రోడ్లకు మామూలుగా ఉండాల్సిన వాలు ఇరవై మీటర్లకు ఒక మీటరు, అంటే నూటికి అయిదు, అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. బరువు లారీ ఎక్కాలి కాబట్టి కొండ చుట్టూ మెలికలు తిప్పి ఆ వాలు సాధిస్తారు. సైకిలుకు కూడా ఆ వాలు అనువుగా ఉంటుంది, కాని ఆ రోడ్డు నిండా లారీలే. ఊరి రోడ్ల మీద లారీలుండవు, కాని అవి పాత కాలిబాట పోయినట్టే పోతాయి. అక్కడక్కడ నూటికి పది, పన్నెండు వాలు కూడా తగులుతుంది. తేలికైన దారిలో రద్దీ, రద్దీ లేని దారిలో నిట్టూర్పులు. ఈ రెండింటి మధ్య తగువు తీర్చడమే కొండ ప్రాంతంలో సైకిలు దారి ఎంచుకోవడం అంటే.

సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా పొట్టంగి, కొరాపుట్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి ఇందుకు మంచి ఉదాహరణ. సాలూరు సుమారు 118 మీటర్ల ఎత్తున ఉంది, కొరాపుట్ 870. మధ్యలో దిగుళ్ళు లెక్కలోకి తీసుకోకపోయినా ముప్పావు కిలోమీటరు నిలువుగా ఎక్కాలి. ఎక్కుడుకే సుమారు 600 కేలరీలు ఖర్చవుతాయి. అది పెద్ద కష్టం కాదు, దారిలో రెండు ప్లేట్లు ఇడ్లీ తింటే సరిపోతుంది. కష్టమంతా విశాఖ పోర్టుకూ రాయ్‌పూర్‌కూ మధ్య తిరిగే బరువు బళ్ళతో. మలుపులో లారీ కొండ వైపు ఒరిగితే సైకిలుకు మిగిలేది మట్టి అంచు మాత్రమే. దృశ్యం అందంగా ఉంటుంది గాని చూసే తీరిక ఉండదు.

రాయ్‌పూర్–విశాఖ మధ్య సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది. అది కొరాపుట్ జిల్లా గుండానే పోతుంది. పూర్తిగా తెరుచుకుంటే దూరపు లారీల్లో చాలా భాగం అటు మళ్ళుతుందని అనుకోవచ్చు. అప్పుడు సుంకి ఘాటీ లాంటి పాత రోడ్డు మంచి వాలుతో, తక్కువ రద్దీతో మిగులుతుంది. సైకిలు తొక్కేవాళ్ళకు ఇంతకంటే మంచి వార్త ఉండదు. కాని పాత రోడ్డుకు నిధులు ఆపేస్తే గుంతలు పడి ఎవరికీ పనికిరాకుండా పోతుంది. దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న మాట ఇప్పుడే అడగడం మేలు.

పర్లాకిమిడి చిన్న రైలు

ప్రపంచంలో రద్దీ లేని సైకిలు దారులు ఎక్కువగా పుట్టింది పాత రైలు పట్టాల మీద. ఇంగ్లండులో 1960లలో నష్టాల పేరుతో వందల రైలు మార్గాలు మూసేశారు. బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన లైను మీద 1979 నుంచి 1986 వరకు వాలంటీర్లు పనిచేసి సుమారు 21 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. స్పెయిన్ 1993లో ఇదే పని దేశం మొత్తం మీద మొదలుపెట్టింది. రైలింజను నూటికి రెండు మించిన వాలు ఎక్కడానికి ఆపసోపాలు పడుతుంది కాబట్టి రైలు దారి ఎప్పుడూ లోయను పట్టుకునే పోతుంది, కొండ అడ్డం వస్తే తవ్వుకొని పోతుంది. పట్టాలు తీసేసిన తర్వాత మిగిలేది సైకిలు కోసమే వేసినట్టుండే నేల.

ఇక్కడా అలాంటి లైను ఉండేది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పూనికతో శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు. తీరపు మైదానంలో మొదలై, పర్లాకిమిడి మీదుగా వంశధార లోయలోకి పోయి ఆగేది. అటవీ సరుకు, చింతపండు, జనం అందులోనే. 2004లో ఆ రైలు ఆగిపోయింది. ఆ లైను బ్రాడ్‌గేజ్‌గా మారి 2011కు గుణుపురం దాకా పెద్ద రైలు నడిచింది. ఈ ప్రాంతానికి జరగాల్సిన మంచి అదే. సైకిలు దారి కోసం రైలు వదులుకోమని ఇక్కడి జనాన్ని ఎవరూ అడగలేరు, అడగకూడదు కూడా. కాబట్టి పాశ్చాత్య దేశాల పద్ధతి ఇక్కడికి తెచ్చి పెట్టేది కాదు.

అయినా ఆ లైను ఒకటి చూపించింది: నౌపడ నుంచి గుణుపురం దాకా ఇంచుమించు చదునుగా పోయే వీలుందని దాదాపు వందేళ్ళ కిందటే కొలిచి పెట్టింది. పట్టాలు దొరకవు గాని, అదే వాలులో నది పక్కన పోయే ఊరి రోడ్లు, పొలం గట్లు, కాలవ గట్లు దొరుకుతాయి. పైగా రైలు నడుస్తోంది కాబట్టి ఒకవైపు తొక్కి, రెండో వైపు రైల్లో రావచ్చు. సైకిలును బోగీలోకి ఎక్కించనివ్వరు. ముందుగా లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో పెట్టాలి. చిన్న స్టేషన్లలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే కాబట్టి ఇది పర్లాకిమిడి, గుణుపురం లాంటి పెద్ద స్టేషన్లలో చేసుకుంటేనే కుదురుతుంది.

రెండో ఒడ్డు

నదికి రెండు ఒడ్లుంటాయి. ప్రభుత్వం పెద్ద రోడ్డు వేసేటప్పుడు ఒక ఒడ్డును ఎంచుకుంటుంది. బస్సులు, లారీలు, పెట్రోలు బంకులు, ధాబాలు అన్నీ ఆ ఒడ్డుకే చేరతాయి. రెండో ఒడ్డున ఊళ్ళు మాత్రం ఉంటాయి. వాటికి చిన్న రోడ్డు పడుతుంది. లోయ ఒకటే కాబట్టి వాలు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. హైవే వాలు, పల్లె రోడ్డు ప్రశాంతత రెండూ ఒకేచోట దొరికేది ఆ రెండో ఒడ్డునే. మ్యాపు ముందేసుకొని దారి వెతికేవాళ్ళు మొదట చూడాల్సింది అదే.

పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా రాయగడ పోయే రోడ్డు నాగావళి లోయలో పోతుంది. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే లారీల బరువుకు ఆ రోడ్డు ఎప్పుడూ గుంతలతోనే కనిపిస్తుంది. అదే నదికి అవతలి వైపు కొమరాడ మండలంలోని ఊళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. మరీ ప్రశాంతంగా, ఎందుకంటే వాళ్ళు ఇవతలికి రావడమే కష్టం. పూర్ణపాడు, లాబేసు మధ్య మొదలుపెట్టిన వంతెన ఏళ్ళ తరబడి పూర్తికాక పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. వానాకాలంలో అక్కడి జనం పడవ మీదే ఆధారపడ్డారు. సైకిలు మీద సరదాగా వెళ్ళేవాడికి ఆ వంతెన ఒక లింకు. ఆ ఊళ్ళవాళ్ళకు అది ఆసుపత్రి, కాలేజీ, రేషన్ బియ్యం. ఇద్దరి అవసరాన్నీ తీర్చేది ఒకే వంతెన అన్నది గుర్తుంటే సైకిలు దారి గురించిన మాటకు బలం వస్తుంది.

వంతెన ఎంత మార్పు తెస్తుందో మల్కన్‌గిరి జిల్లాలో చూడవచ్చు. బలిమెల జలాశయం నిండిన తర్వాత 151 గ్రామాలు మూడు వైపులా నీళ్ళతో, నాలుగో వైపు ఆంధ్ర అడవితో దశాబ్దాలపాటు తెగిపోయి ఉన్నాయి. లాంచీ తప్ప దిక్కులేదు. 2018 జులై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. దాని వెనకే రోడ్లు పడ్డాయి. మావోయిస్టుల పేరు చెప్పి బయటివాళ్ళు అడుగుపెట్టని చోట ఇప్పుడు జలాశయం అంచున మెలికలు తిరిగే కొత్త రోడ్డు ఉంది, దాని మీద బళ్ళు అరుదు. దక్షిణాన ఆ కొండలకు అవతలే సీలేరు, తెలుగు ఊళ్ళు.

కాలవ గట్లను కూడా రెండో ఒడ్డు లెక్కలోనే వేసుకోవాలి. కాలవ కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. దాని గట్టు మీద తొక్కడం అంటే చదును నేల మీద తొక్కడమే. జయపురం చుట్టూ ఎగువ కొలాబ్ కాలవలు పారే వరి నేల ఉంది. 600 మీటర్ల పైన ఉన్న పీఠభూమి కాబట్టి ఎండ కాస్త తక్కువ, నేల చదును. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కొరాపుట్ కలాజీరా బియ్యం ఈ జిల్లాదే. పంట కోతకు వచ్చే రోజుల్లో ఆ గట్ల మీద పోతుంటే చేల వాసనే దారి చూపిస్తుంది. కింద హిరమండలం గొట్టా బ్యారేజీ నుంచి వంశధార కుడి, ఎడమ కాలవలు పారే నేల కూడా ఇలాగే అనువైనది. అయితే గట్టు అంతా సైకిలుకు పనికిరాదు. కొన్నిచోట్ల తుప్పలు, కొన్నిచోట్ల పశువులు తొక్కి బురద చేసిన పాయలు. తూము దాటిన దగ్గర గట్టు మారాల్సి వస్తుంది.

రోడ్డు ఆగిపోయే చోటు

2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ జిల్లాల ముఖం మార్చింది. మైదానంలో 500 జనాభా ఉంటే రోడ్డు. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉన్నా రోడ్డు. వెడల్పు మామూలుగా మూడున్నర మీటర్ల పైన, నాలుగులోపు. రెండు కార్లు ఎదురైతే ఒకటి పక్కకు దిగాల్సిందే. ఇలాంటి రోడ్డు మీద రోజు మొత్తంలో తిరిగేది కొన్ని బైకులు, ఆటోలు, ఒక బొలెరో, ఇటుకలో ఇసుకో తెచ్చే ట్రాక్టరు. సైకిలు కోసం ప్రత్యేకంగా వేసినా ఇంత బాగా రాదేమో.

ఈ పథకం లక్ష్యం ప్రతి ఊరినీ పెద్ద రోడ్డుకు కలపడం. ఊరినీ ఊరినీ కలపడం కాదు. అందుకే ఒక రోడ్డు ఊళ్ళోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. దాని చివర ఏముంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. పథకం పేరు, పొడవు, ఖర్చు రాసిన సిమెంటు బోర్డు. చివరి ఇల్లు, దాని పక్కన బోరింగు. సిమెంటు రోడ్డు అంచు నుంచి అడుగు లోతున మట్టి. అక్కడినుంచి జీడి తోటలోంచి కాలిబాట. రెండు మూడు వందల అడుగులు పోతే గెడ్డ. అడ్డంగా పడేసిన రెండు తాటి దుంగలు, వాటి మీంచి నెత్తిన కట్టెలమోపుతో తడబడకుండా దాటిపోయే ఆడవాళ్ళు. సైకిలును మాత్రం భుజానికెత్తుకోవాలి. అవతల గట్టెక్కి పొలాల మధ్య కాసేపు నడిస్తే ఇంకో ఊరి సిమెంటు రోడ్డు కనిపిస్తుంది, దాని మొదట్లో ఇంకో బోర్డు. ఆ రెండు రోడ్ల మధ్య తెగిన ముక్క అరకిలోమీటరు కూడా ఉండదు. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలంటే ఇరవై, ముప్పై కిలోమీటర్లు, అందులో సగం లారీల మధ్య.

ఇలాంటి తెగిన ముక్కలకు కారు పోయే వంతెన అక్కర్లేదు. మూడు నాలుగు అడుగుల వెడల్పున్న కాలి వంతెన, గెడ్డకు రెండు వైపులా గట్టిపరిచిన ఎర్రమట్టి బాట ఉంటే చాలు. బడికి పోయే పిల్లలు, సంతకు పోయేవాళ్ళు, సైకిలు మీద పాలు పోసేవాళ్ళు అందరూ వాడతారు. వెడల్పు తక్కువ కావడం ఇక్కడ లోపం కాదు; జీపు దూరలేదు కాబట్టే ఆ దారి ప్రశాంతంగా ఉంటుంది. కట్టేటప్పుడు నీటి లెక్క మాత్రం సరిగ్గా వెయ్యాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి, రాయగడ జిల్లాల్లో కొండచరియలను, కల్వర్టులను ఊడ్చేసింది. మామూలు రోజుల్లో మోకాలి లోతు గెడ్డ ఆ రోజు చెట్లను మోసుకుపోయింది.

హద్దు దగ్గర ఈ సమస్య రెట్టింపు. ఒక రాష్ట్రం రోడ్డు తన చివరి ఊరితో ఆగుతుంది, అవతలి రాష్ట్రం తన చివరి ఊరితో ఆగుతుంది. మధ్య ముక్క ఎవరి పద్దులోనూ ఉండదు. కొటియా గ్రామాల్లో సంగతి వేరు. రెండు రాష్ట్రాలూ తమవేనంటూ దశాబ్దాలుగా తగవులాడుకుంటున్న ఆ ఊళ్ళకు రెండు వైపుల నుంచీ రోడ్లు, పథకాలు వచ్చాయి. తగవు లేని మామూలు హద్దు గ్రామాలకు ఆ శ్రద్ధ దక్కలేదు. పాతపట్నం, పర్లాకిమిడి జంట ఊళ్ళలా కలిసిపోయాయి, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా వాటికి దూరంగా వంశధారే రెండు రాష్ట్రాలకూ హద్దుగా పారే చోట, ఆ పైన కొండల్లో సవర గూడేల మధ్య. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, నిఘంటువు కట్టింది ఈ జనం మధ్యనే. హద్దు లేని రోజుల్లో తిరిగిన బాటలు కొన్ని ఇప్పటికీ గూడేలవాళ్ళకు తెలుసు. దారి అడిగితే మ్యాపులో లేని అడ్డదారి చెబుతారు, అది నిజంగానే ఉంటుంది.

ఏ నెల, ఏ రోజు, ఏ పూట

వానలు తగ్గిన అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో కొరాపుట్ వైపు కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపు పచ్చగా మారతాయి. డిసెంబరు, జనవరిలో పొట్టంగి, కొరాపుట్ పైన గట్టి చలి. లోయల్లో పొద్దున ఎనిమిదింటి దాకా మంచు విడవదు. మార్చి దాటితే గుణుపురం, మల్కన్‌గిరి లాంటి పల్లపు చోట్ల ఎండకు తట్టుకోవడం కష్టం. వానాకాలం అందంగా ఉంటుంది గాని కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నప్పుడు దాటే సాహసం ఎవరూ చెయ్యకూడదు.

కోతల కాలంలో ఒక సంగతి గమనించాలి. ఊరి రోడ్డే కళ్ళం అవుతుంది. వడ్లు, చోళ్ళు ఆరబోస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని గడ్డి పరుస్తారు. ఆ గడ్డి సైకిలు చైనులో, ఫ్రీవీల్ పళ్ళలో చుట్టుకుంటే గేరు జారుతుంది. దిగి నడిపించుకుంటూ పక్కనుంచి పోవడం మంచిది. ఆరబోసింది ఒక ఇంటివాళ్ళ ఏడాది తిండి.

సంత రోజు తెలుసుకోకుండా బయల్దేరితే ప్రశాంతమైన రోడ్డే జాతరలా కనిపిస్తుంది. చాటికోన సంత బుధవారం, ఒనకడిల్లి సంత గురువారం, కుందులి సంత శుక్రవారం. ఆ పొద్దున జీపుల టాపుల మీద కూడా జనమే. సంత చూడాలనుకుంటే ఆ రోజే వెళ్ళాలి, దారి ఖాళీగా కావాలంటే మర్నాడు. బోండా, డోంగ్రియా కొంధు ఆదివాసుల ఊళ్ళలోకి పర్యాటకులు పోవడం మీద, ఫొటోలు తియ్యడం మీద ఒడిశా ప్రభుత్వ ఆంక్షలున్నాయి. వాటిని పాటించడం మర్యాద కూడా.

చీకట్లో తొక్కకూడదు. గజపతి జిల్లా లఖారీ లోయ వైపు నుంచి దిగిన ఏనుగులు ఎన్నో ఏళ్ళుగా హద్దు గ్రామాల్లో, పార్వతీపురం మన్యంలో తిరుగుతున్నాయి. తెల్లవారకముందు, పొద్దుగూకిన తర్వాత అవి రోడ్డు దాటతాయి. ముందు ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక్క మాట అడిగితే ఆ రోజు అవి ఎటున్నాయో చెబుతారు.

దిగుడు గురించి చాలామంది ఆలోచించరు. ఆరు వందల మీటర్లు దిగేటప్పుడు, ఎక్కినప్పుడు పోసిన శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారాలి. అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, బ్రేక్ రబ్బరు మెత్తబడుతుంది. ముందు బ్రేకు, వెనక బ్రేకు మార్చి మార్చి గట్టిగా పట్టి వదలాలి, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగాలి. రాడ్ బ్రేకుల పాత సైకిలైతే ఘాటీ దిగడం కూడా నడిచే. పంక్చర్ షాపు మండల కేంద్రంలో, బ్లాకు ఊళ్ళలో దొరుకుతుంది. కాని గేర్ సైకిలు సన్నటి ట్యూబు, చైను లింకు దొరకవు. అవి వెంట తెచ్చుకోవాలి.

ఎవరు కలపాలి

కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాలు మొత్తంగా, గజపతిలో కొంత భాగం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలు. ఇలాంటి ప్రాంతాల పంచాయతీలకు, గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడ గ్రామసభ మాటకు బరువుంది. 2013లో నియమగిరి చుట్టూ పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని తీర్మానించాయి, తవ్వకం ఆగింది. కాలిబాట వెడల్పు చెయ్యడానికైనా, గెడ్డ మీద చిన్న వంతెన వెయ్యడానికైనా అక్కడే మొదలుపెట్టాలి. భువనేశ్వర్‌లోనో అమరావతిలోనో గీసిన సైకిల్ టూరిజం ప్రాజెక్టు, రంగు లైట్లు, ఇనుప కంచె, టికెట్ కౌంటరుతో వస్తే ఊరివాళ్ళు తమ దారిలోనే పరాయివాళ్ళు అవుతారు. ఆ డబ్బుతో ఎన్ని కాలి వంతెనలు వస్తాయో లెక్క వేస్తే మనసు ఉసూరుమంటుంది.

మొదలుపెట్టాలంటే పర్లాకిమిడి, గుణుపురం మధ్య వంశధార లోయ సరైన చోటు. రెండు చివరలా రైలు ఉంది, లాడ్జీలున్నాయి, తెలుగు, ఒడియా, సవర మూడూ నడుస్తాయి. దూరం ఒక రోజు తొక్కేంతే. పెద్ద రోడ్డు తాకకుండా ఊరి రోడ్ల మీదే పోవాలంటే ఎక్కడెక్కడ తెగిందో ముందు సైకిలు మీద తిరిగి గుర్తించాలి. ఇది అక్కడి కాలేజీ కుర్రాళ్ళు కొన్ని ఆదివారాల్లో చెయ్యగలిగే పని. ఆ జాబితా పంచాయతీల చేతికి వస్తే మట్టి పని ఉపాధి పనుల్లో పెట్టుకోవచ్చు, కాలి వంతెనలకు బ్లాకు నిధులు అడగవచ్చు. హద్దు దాటే ముక్కకు మాత్రం గజపతి, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లు ఒకచోట కూర్చోవాలి. వాన వెలిసిన తర్వాత, అక్టోబరు చివర, ప్రతి కల్వర్టునూ ఒకసారి చూసి కొట్టుకుపోయిన మట్టి నింపే బాధ్యత ఏ పంచాయతీదో కాగితం మీద రాసుకోవడం కూడా ఆ సమావేశంలోనే జరగాలి.